ఘాట్‌లో గేరు దించడం: మాన్యువల్ కారులో రేజ్ కలిపే పద్ధతి

ఆటోమేటిక్ కార్లలో స్టీరింగ్ వెనకుండే మీట, అదే ప్యాడిల్, నొక్కితే గేరు పడుతుంది. ఇంజన్ ఎంత తిరగాలో, క్లచ్ ఎప్పుడు పట్టాలో కంప్యూటరే చూసుకుంటుంది, కొన్ని కార్లలోనైతే మనకన్నా త్వరగా. 1989లో ఫెరారీ ఫార్ములా వన్‌కి ప్యాడిల్స్ తెచ్చింది. విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీ ఆటోమేటిక్ కార్లలోనైతే ప్యాడిల్‌తో పడేవి అసలు గేర్లే కావు, ఉత్తుత్తి మెట్లు. ఎస్.కోట నుంచి అరకు ఎక్కే ఘాట్‌లో మూడు నుంచి రెండు కుదుపు లేకుండా పడితే వచ్చే హాయి మాత్రం మాన్యువల్‌దే. అది నేర్చుకుంటేనే వస్తుంది.

ముందు లెక్క. మామూలు 1.2 లీటర్ల పెట్రోల్ కారు 40 కిలోమీటర్ల స్పీడులో మూడో గేరులో ఇంచుమించు 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) తిరుగుతుంది, రెండో గేరులో 3000. ఆ వెయ్యి మీరు రేజ్ ఇచ్చి కలపకపోతే క్లచ్ ప్లేటు అరిగి కలుపుతుంది. మీ కారు లెక్క ఆర్‌పీఎం మీటరు చూసి రాసుకోండి.

బండి ఆపి, న్యూట్రల్‌లో మొదలుపెట్టండి. యాక్సిలరేటర్‌ని ఒక్క తట్టు తట్టి వదిలితే ముల్లు 3000 దాకా లేవాలి. ఎంత తట్టాలో కాలికి తెలిసేదాకా ఇదే పని. తర్వాత ఖాళీ చదును రోడ్డు మీద, 40లో: క్లచ్ పూర్తిగా తొక్కండి, లివర్ న్యూట్రల్ దాటుతుండగా తట్టండి, రెండు వేసి, ముల్లు కిందికి జారకముందే క్లచ్ వదలండి. బండి ముక్కు వంగితే రేజ్ చాలలేదు. ముందుకు తోసినట్టయితే ఎక్కువైంది. చాలామందికి తప్పేది రేజ్‌లో కాదు, ఆలస్యంగా క్లచ్ వదలడంలో.

బ్రేక్ కలపడం చివర. కుడి పాదం ముందుభాగం, బొటనవేలి కింది ఉబ్బెత్తు భాగం, బ్రేక్ మీద ఉండాలి. బ్రేక్ మీద బరువు మారకుండా చీలమండ కొద్దిగా తిప్పి, పాదం బయటి అంచుతో యాక్సిలరేటర్‌ని తట్టాలి. బ్రేక్ పెడల్ బాగా లోపలికి దిగినప్పుడే రెండు పెడల్స్ ఒక ఎత్తుకొస్తాయి. అందుకే నెమ్మదిగా పోతూ ప్రయత్నిస్తే కాలు అందదు. హవాయి చెప్పులతో వద్దు, పలుచని అట్ట ఉన్న బూట్లు మేలు. రబ్బరు మ్యాట్ పెడల్ కిందికి జరగకుండా కొక్కేనికి తగిలించండి. కొన్ని కొత్త కార్లలో బ్రేక్, యాక్సిలరేటర్ ఒకేసారి తొక్కితే కంప్యూటర్ రేజ్ కోసేస్తుంది. అలాంటివాటిలో బ్రేక్ పని ముగించి, తర్వాత రేజ్ ఇచ్చి గేరు దించాలి.

ఘాట్‌లో ఇదంతా మలుపుకు ముందే, స్టీరింగ్ నిటారుగా ఉండగానే అయిపోవాలి. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో రేజ్ కలపకుండా క్లచ్ వదిలితే ఇంజన్ తిప్పే చక్రాలు, చాలా కార్లలో ముందువి, పట్టుతప్పొచ్చు.

పెద్ద ప్రమాదం వేరే ఉంది. 100లో ఐదు నుంచి నాలుగు బదులు పొరపాటున రెండు వేస్తే ఇంజన్ 7000 దాటుతుంది. ఇంజన్ మితిమీరి తిరగకుండా చూసే రెవ్ లిమిటర్ పెట్రోల్ ఆపగలదేగానీ, చక్రాలు ఇంజన్‌ని తిప్పుతుంటే ఆపలేదు. ఇంజన్ వాల్వులు వంగిపోవచ్చు. ప్యాడిల్ కారైతే ఆ గేరు వెయ్యనివ్వదు, దాన్ని మెచ్చుకోవాల్సిందే. లివర్‌ని పిడికిలితో లాగకుండా అరచేత్తో నెడితే, న్యూట్రల్‌లో స్ప్రింగే దాన్ని మధ్య వరుసకు తెస్తుంది, అక్కణ్ణుంచి వెనక్కి వస్తే నాలుగు పడుతుంది.

దిగేటప్పుడు న్యూట్రల్ ఊసే వద్దు. ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేక్ పెడల్ మెత్తబడినా, కాలిన వాసన వచ్చినా వెడల్పు చోటు చూసి ఆపి, చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పొయ్యకండి, డిస్కులు వంకర పోతాయి.