బల్లార్షా, చంద్రాపూర్ వైపు ఉంటూ తపస్సు కాలం ఎలా పాటించాలి?

ఖమ్మం, వరంగల్ నుంచి బొగ్గు గనుల్లోకో పేపర్ మిల్లులోకో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మన క్యాథలిక్ కుటుంబాలకు ఏటా వచ్చే మొదటి సందేహం తపస్సు కాలం, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాసాలతో, ప్రార్థనలతో గడిపే రోజులు, మొదలయ్యే తేదీ గురించే. అక్కడ మనకు నుదుట విభూది పెట్టించుకుని ఈ కాలం మొదలుపెట్టే విభూది బుధవారం అలవాటు. ఇక్కడి చాందా మేత్రాసనం (బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) సీరో మలబార్ వాళ్లది, అంటే కేరళ సంప్రదాయపు క్యాథలిక్కులది, వాళ్ల సంప్రదాయంలో విభూది సోమవారమే, పైగా 40 రోజులు కాదు, ఆదివారాలతో కలిపి 50 రోజుల నోంబు (ఉపవాస కాలం). 2027లో ఈస్టర్ మార్చి 28న వస్తుంది కాబట్టి ఆ సోమవారం ఫిబ్రవరి 8, మన బుధవారం ఫిబ్రవరి 10. దీని గురించి టెన్షన్ పడకండి. మీరు పూజకు వెళ్లే చర్చిలో విభూది ఏ రోజు పెడతారో ముందు ఆదివారమే ఫాదర్ గారిని అడిగి, ఇంటిల్లిపాదీ ఆ రోజునే మొదలుపెట్టండి, ఎందుకంటే పక్కవాళ్లతో కలిసి మోకరిల్లడం ఈ కాలంలో చాలా ముఖ్యం.

మొదలవకముందే ఇంట్లో అందరూ కూర్చుని ఏం మానాలో, ఏం కొత్తగా చేయాలో తేల్చుకోండి. ఒకటి రెండు చాలు. తాగుడు అలవాటున్న ఇంట్లో అది మానడమే ముందు, మిగతావి తర్వాత. పిల్లలైతే ఫోన్లో ఆటలు మానొచ్చు, కానీ ఏం మానాలో వాళ్లనే చెప్పనివ్వండి.

ఇక తిండి సంగతి. లాటిన్ చర్చి (ఖమ్మం, వరంగల్‌లో మనది అదే) నియమం ప్రకారం విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఈ రెండు రోజులూ ఒక్కపొద్దు, శుద్ధభోజనం (మాంసం లేని తిండి) రెండూ ఉంటాయి, మిగతా శుక్రవారాల్లో మాంసం మానాలి. ఒక్కపొద్దు 18 నిండినవాళ్ల నుంచి 59 ఏళ్ల వరకు, మాంసం మానడం 14 నిండిన దగ్గర్నుంచి. ఒక్కపొద్దంటే ఒక పూట కడుపునిండా తిని, మిగతా రెండు పూటలా కొంచెం కొంచెం తీసుకోవచ్చు, అంతేగానీ మంచినీళ్లు కూడా మానాలని ఎక్కడా లేదు. చంద్రాపూర్ ఎండలు తెలిసినవే కదా, మార్చిలోనే మాడిపోతుంది, అంబలి, మజ్జిగ దగ్గర పెట్టుకోండి. గనిలో దిగేవాళ్లు, షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఒక్కపొద్దు ఉండి తీరాలని పట్టుబట్టకూడదు, దానికి బదులు ఇంకో త్యాగం ఎంచుకోవచ్చు. చేపలు తినొచ్చా అని చాలామంది అడుగుతారు. లాటిన్ నియమంలో తినొచ్చు, కానీ మలయాళీ ఇళ్లలో చాలామంది ఆ 50 రోజులూ చేపలు కూడా ముట్టరు. శుక్రవారం మాంసం మాని వార్ధా నది చేపల వేపుడుతో విందు చేసుకుంటే నియమం తప్పినట్టు కాదు గానీ, పప్పు, పచ్చిపులుసు, జొన్నరొట్టెతో సరిపెట్టుకోవడమే నాకు సరైనదనిపిస్తుంది.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే: మానేసినదాని డబ్బు ఇంట్లో మిగిలిపోకూడదు. ఒక డబ్బా పెట్టి, చికెన్ కొనని ప్రతి వారం ఆ డబ్బు అందులో వేయండి. సరిగ్గా ఈ నెలల్లోనే చంద్రాపూర్, గడ్చిరోలి పల్లెల నుంచి కూలీలు మిరపకాయలు ఏరడానికి మన ఖమ్మం వైపు వెళ్తారు, కొన్ని ఇళ్లలో ముసలివాళ్లు మాత్రమే మిగులుతారు. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే బియ్యం, నూనె, మందులు కొనివ్వండి. వాళ్లది ఏ మతమని చూడొద్దు, ఇచ్చామని నలుగురికీ చెప్పొద్దు.

ప్రార్థన విషయానికొస్తే, చర్చిలో పూజ హిందీలోనో మరాఠీలోనో ఉంటే పెద్దవాళ్లు మౌనంగా నిలబడిపోతారు, అది చూస్తే బాధేస్తుంది. అందుకే సిలువ మార్గం, అంటే యేసు సిలువ ప్రయాణాన్ని తలచుకునే ప్రార్థన, శుక్రవారం సాయంత్రం నాలుగైదు తెలుగు కుటుంబాలు ఒక ఇంట్లో కలిసి చేసుకోండి. 14 స్థలాలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరు చదివితే అరగంటలో అయిపోతుంది, చదువురాని అమ్మమ్మ పాట ఎత్తుకుంటే ఇంకా బాగుంటుంది. షిఫ్టుల వల్ల శుక్రవారం కుదరకపోతే ఇంకో రోజు పెట్టుకోండి.

పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారం దాకా వాయిదా వేయకండి, అప్పుడు లైను పెద్దది. హిందీలో చెప్పుకోవడం ఇబ్బందైతే ఫాదర్ గారితో ముందే మాట్లాడండి, తెలుగు వచ్చిన గురువు దగ్గరికి పంపిస్తారేమో. పని మీద మంచిర్యాల వెళ్లేవాళ్లు అక్కడ చెప్పుకుని రావచ్చు.

హోలీ తరచూ ఈ కాలంలోనే పడుతుంది, కొన్నేళ్లు ఉగాది కూడా. పక్కింటివాళ్లు పిలిస్తే మొహం తిప్పుకోవద్దు, వెళ్లండి, వాళ్లు పెట్టిన స్వీటు తినండి. మందు పోస్తే మాత్రం మా ఉపవాస కాలం వదినా, అన్నయ్యా అని చెప్తే ఇక్కడివాళ్లు ఇట్టే అర్థం చేసుకుంటారు, వాళ్లకూ ఉపవాసాలున్నాయి కదా.

పవిత్ర వారానికి సెలవులు ముందే చూసుకోండి. గురువారం రాత్రి మలయాళీ ఇళ్లలో యేసు కడరా భోజనం గుర్తుగా పెసహా అప్పం చేసి ఇంటి పెద్ద ముక్కలు చేసి పంచుతారు, పిలిస్తే తప్పకుండా వెళ్లండి. శుక్రవారం పూజ ఉండదు, సిలువ ఆరాధన ఉంటుంది. శనివారం రాత్రి జాగరణ చాలాసేపు సాగుతుంది, కాబట్టి నైట్ షిఫ్ట్ ఉన్నవాళ్లు వారం ముందే తోటివాళ్లతో మాట్లాడి డ్యూటీ మార్చుకోండి.