బెంగళూరు నుంచి జింకలను చూడటానికి వెళ్లేవారు డబ్బు దేనిమీద పెట్టాలి?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశంలో అడవి జింకను వేటాడటం నేరం. కృష్ణజింక ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ పొందే జీవుల జాబితాలో, ఉన్నందున దాన్ని చంపినవారికి 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్షతో పాటు, 2022 నాటి సవరణ తరువాత 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడుతుంది. కాబట్టి ఈ వ్యాసం జింకలను చూడటం గురించి, వాటి ఫొటోలు తీయడం గురించి మాత్రమే. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారిలో ఈ ఆసక్తి కలిగినవారు సాధారణంగా మొదట పెద్ద లెన్స్ కొంటారు, ఆ తరువాత అడవికి వెళ్లడానికి డబ్బూ సెలవులూ చాలక దాన్ని బీరువాలో పెడతారు. ఖర్చు పెట్టవలసిన వరుస దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండాలని నా దృఢమైన అభిప్రాయం. ముందు మంచి బైనాక్యులర్స్, ఆ తరువాత ఒకే చోటికి పదే పదే వెళ్లిరావడం, లెన్స్ అన్నింటికంటే చివర.

బైనాక్యులర్స్ మీద 8×42 అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండవది ముందున్న అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు. జేబులో పట్టే 10×25 రకంలో అది 2.5 మిల్లీమీటర్లే కనుక, జింకలు బాగా తిరిగే తెల్లవారుజామున, మునిమాపువేళ దానిలో అంతా మసకగా ఉంటుంది. 10 రెట్లు చూపేది మరింత మేలు కదా అని దుకాణంలో అనిపించడం సహజమే కానీ, కదిలే జీపులోంచి చేత్తో పట్టుకుని చూసేటప్పుడు చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది, ఒకేసారి కనిపించే మేర తగ్గుతుంది, పొదల్లో దుప్పి ఎక్కడుందో వెతుక్కునేలోగా అది వెళ్లిపోతుంది. కళ్లద్దాలు వాడేవారు, కన్ను అద్దానికి 15 మిల్లీమీటర్లకు పైగా ఎడంగా ఉన్నా దృశ్యం మొత్తం కనిపించే రకమేనా అని తప్పక అడగాలి. లోపల నైట్రోజన్ నింపి, నీరు చొరకుండా మూసినదైతే వానాకాలంలో బందీపూర్ అడవి మంచులో లోపలి అద్దాలకు ఆవిరి పట్టదు.

పది పదిహేను వేల రూపాయల్లో ఈ లక్షణాలన్నీ ఉన్నవి దొరుకుతాయి. కొనేముందు సాయంత్రం పూట దుకాణం గుమ్మం దాకా వచ్చి, వీధికి అవతల నీడలో ఉన్న బోర్డు మీది అతి చిన్న అక్షరాలను చదవడానికి ప్రయత్నించండి. ఆ తరువాత ఆకాశం నేపథ్యంగా కనిపించే కరెంటు తీగను చూడండి. తీగ అంచుల వెంట ఊదా, ఆకుపచ్చ గీతలు కొట్టొచ్చినట్లు కనిపిస్తే ఆ అద్దం నాణ్యమైనది కాదు. దుకాణం లోపలి ట్యూబ్‌లైటు వెలుతురులో మాత్రం ఏ బైనాక్యులర్స్ అయినా బాగున్నట్లే అనిపిస్తాయి.

రెండవ ఖర్చు ప్రయాణం. బెంగళూరు నుంచి ఒక్కరోజులో వెళ్లి రాగలిగినంత దూరంలో, తుమకూరు జిల్లా మధుగిరి తాలూకాలోని మైదనహళ్లి దగ్గర, జయమంగళి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం ఉంది. హిందూపురం అక్కడికి దగ్గరే కనుక అటువైపు సొంతవాళ్లున్నవారు ముందురోజు రాత్రి అక్కడ బస చేసి తెల్లవారేసరికి చేరుకోవచ్చు. అది గడ్డిమైదానం కావడంతో అర కిలోమీటరు దూరంలోని మంద కూడా కనిపిస్తుంది. అయితే మనం వాటికి అంతకంటే ముందే కనిపిస్తాము. కృష్ణజింక కదలని వాహనాన్ని కొంతవరకు సహిస్తుంది కానీ, తలుపు తీసి మనిషి నేలమీద కాలు పెట్టగానే పరుగెత్తుతుంది. ప్రవేశ నియమాలను అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకుని, అనుమతి ఉన్న దారిలోనే కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, లోపలే కూర్చోవాలి.

ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లమనడానికి కారణం ఇక్కడే తెలుస్తుంది. తన హద్దును కాచుకునే మగ జింక ఒకే చోట పదే పదే పేడ వేస్తుంది, కంటి కింది గ్రంథిని గడ్డిదుబ్బులకూ పుల్లలకూ రాసి వాసన అంటిస్తుంది. తాజా పేడకుప్ప ఎక్కడుందో బైనాక్యులర్స్‌తో గుర్తించి, ఎండ వీపువైపు ఉండేలా కారు నిలిపితే, దాని వెంట మనం వెళ్లనక్కర లేదు, అదే అక్కడికి వస్తుంది. మరో మగది గానీ, ఆడ జింకలు గానీ దగ్గరకు వచ్చినప్పుడు అది మెడ పైకి చాచి, ముట్టె ఆకాశంవైపు ఎత్తి, మెలితిరిగిన కొమ్ములు వీపును తాకుతాయా అన్నట్లు వెనక్కి వాల్చి, తోక పైకి చుట్టి, బిగుసుకున్న కాళ్లతో అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంది. ఆ నడకను సరిగ్గా ఒక్కసారి చూసినవారికి తరువాతి ప్రయాణాల మీద పెట్టే డబ్బు ఖర్చుగా తోచదు.

అడవిలో తిరిగే చుక్కల దుప్పి, కణితి (సాంబర్ జింక) కోసమైతే బందీపూర్ గానీ, నాగర్‌హొళెలోని కబిని వైపు గానీ వెళ్లాలి. వేసవిలో కబిని జలాశయం నీరు తగ్గి ఒడ్డున లేతగడ్డి మొలిచినప్పుడు దుప్పులు పెద్ద మందలుగా అక్కడికి చేరతాయి. బందీపూర్ మీదుగా పోయే రహదారిపై రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు నిషిద్ధం. అందువల్ల బెంగళూరు నుంచి అర్ధరాత్రి బయలుదేరే పథకం మానుకుని, బందీపూర్‌కు ముందు వచ్చే గుండ్లుపేటలో ఒక రాత్రి గదికి డబ్బు పెట్టి ఉదయపు మొదటి సఫారీలో ఎక్కండి. వీలైతే శని, ఆదివారాలు కాకుండా పనిరోజుల్లో వెళ్లండి, వరుసగా రెండు సఫారీలకు టికెట్లు తీసుకోండి. ఉదయం చూసిన దారులు సాయంత్రానికి అర్థమవుతాయి. కొండముచ్చులు ఆకులూ కాయలూ రాల్చే చెట్ల కింద దుప్పులు మేస్తుంటాయి కనుక ముందు చెట్ల కొమ్మలు చూడాలి. దుప్పి ముందుకాలితో నేలను తన్ని తోక ఎత్తిందంటే అది దేన్నో అనుమానించిందని అర్థం. అప్పుడు డ్రైవరును బండి ఆపమని మెల్లగా అడిగి, అది చూస్తున్న దిక్కునే మనమూ చూడాలి. కణితి నీళ్ల దగ్గర, పొద్దువాలే వేళ ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక లెన్స్ సంగతి. బెంగళూరులో కెమెరాలు, లెన్సులు రోజు అద్దెకిచ్చే దుకాణాలకు కొదవ లేదు. 100–400, 150–600 మిల్లీమీటర్ల లెన్సులను ఒక్కో వారాంతానికి అద్దెకు తీసుకుని, రెండింటి బరువూ చేతికి తెలిసిన తరువాతే కొనే ఆలోచన చేయాలి. చిన్న సెన్సర్ (ఫొటోను గ్రహించే పలక, ఏపీఎస్-సి రకం) ఉన్న కెమెరాలో 300 మిల్లీమీటర్ల లెన్స్ దాదాపు 450 మిల్లీమీటర్లంత దగ్గరగా చూపుతుంది కనుక, మైదనహళ్లికి కాకపోయినా కబినికి అది చాలు. కిక్కిరిసిన సఫారీ బండిలో ట్రైపాడ్‌కు చోటుండదు. గుడ్డసంచిలో బియ్యమో పెసలో నింపి కిటికీ అంచున వేసుకుంటే లెన్స్ కదలకుండా నిలుస్తుంది, దీనికి అయ్యే ఖర్చు నామమాత్రం. పరుగెత్తే జింక ఫొటోకు షట్టర్, అంటే కెమెరాలోకి వెలుతురును వదిలే తలుపు, సెకనులో వెయ్యవ వంతుకు మించి తెరిచి ఉండకూడదు. పొడవైన లెన్సులకు సఫారీల్లో వేరే రుసుము ఉండవచ్చు కనుక బుక్ చేసేటప్పుడే అడగండి.

ఆకుల బొమ్మలు ముద్రించిన ఖరీదైన దుస్తుల మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దని గట్టిగా చెబుతాను. జింకల కంటికి ఎరుపు, నారింజ రంగులు సరిగా తెలియవు కానీ నీలం బాగా తెలుస్తుంది. అందుకే వేలు పోసి కొన్న నీలి జీన్స్ ప్యాంటు కంటే పాత మట్టిరంగు చొక్కా, ప్యాంటు నయం. బట్టలు తళతళలాడతాయని చెప్పుకునే డిటర్జెంట్లలో మెరుపుకోసం కలిపే పదార్థం సరిగ్గా ఆ నీలపు కాంతినే వెదజల్లుతుంది కనుక, అడవికి వేసుకునే బట్టలను ఆ పదార్థం కలపని సబ్బుతో ఉతకండి. అత్తరు, సెంటు ఇంటిదగ్గరే వదిలేయండి.