అమ్మానాన్నలకి అమెరికా విజిటర్ వీసా: లావు ఫైలు కాదు, ఫారం సరిగ్గా నింపండి

మా చుట్టాల్లో ఎవరి పిల్లలు అమెరికాలో సెటిలైనా అమ్మానాన్నల వీసా దగ్గరికొచ్చేసరికి ఫోన్ నాకే వస్తుంది, చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసి పెడుతున్నా. అందరూ ముందు చేసే పని ఏంటంటే ఇంత లావు ఫైలు తయారుచేయడం, పొలం పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ బాండ్లు, సీఏ సర్టిఫికెట్, ఇంటి వాల్యుయేషన్, మళ్లీ అన్నిటికీ రెండేసి సెట్లు కలర్ జిరాక్సులు. ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ చాలాసార్లు ఆ ఫైలు అడగను కూడా అడగరు. పిల్లలు పంపే ఇన్విటేషన్ లెటర్, స్పాన్సర్ అఫిడవిట్ కూడా విజిటర్ వీసాకి తప్పనిసరి కాదు. ఆఫీసర్ ముందు స్క్రీన్ మీద ఉండేది మీరు ఆన్‌లైన్‌లో నింపిన డీఎస్ 160 ఫారం, అంటే వీసా అప్లికేషన్, అద్దం అవతల నిలబడేది మీ అమ్మానాన్న, అంతే. టైం ఈ రెండిటి మీద పెట్టండి.

ముందు పాస్‌పోర్ట్ సంగతి. 36 పేజీలది మామూలుగా అయితే 1500, తత్కాల్‌లో అయితే దానిమీద ఇంకో 2000, 60 దాటినవాళ్లు మొదటిసారి తీసుకుంటుంటే ఫీజులో 10 శాతం తగ్గుతుంది. గూగుల్‌లో కొడితే అచ్చం గవర్నమెంట్ సైట్‌లాగే కనిపించేవి బోలెడు వస్తాయి, చివర డాట్ గవ్ డాట్ ఇన్ లేకపోతే బయటికొచ్చేయండి.

మనవాళ్లకి అసలు తలనొప్పి పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, టెన్త్ మెమోలో పూర్తిగా, బ్యాంకులో ఇంకో రకంగా, పాస్‌పోర్ట్ అప్లికేషన్‌లోనేమో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం గివెన్ నేమ్‌లో కొట్టేస్తారు. అలా వచ్చిన పాస్‌పోర్ట్‌తో డీఎస్ 160 నింపేటప్పుడు ఉన్న పేరంతా సర్‌నేమ్‌లో వేసి గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని కొట్టాలి, వీసా మీద కూడా అలాగే ప్రింటవుతుంది. దానివల్ల వీసా ఆగిపోదు గానీ తర్వాత టికెట్ దగ్గర్నుంచి ప్రతిచోటా ఈ గొడవ ఉంటుంది. కొత్తగా తీసుకుంటున్నా, ఎలాగూ రీఇష్యూకి వెళ్తున్నా, ఆధార్ సరిచేయించుకుని రెండు గడులూ నిండేలా చూసుకోండి. వాలిడిటీ విషయంలో, ఆరు నెలలు మిగిలి ఉండాలనే రూల్ నుంచి ఇండియా పాస్‌పోర్ట్‌కి అమెరికా సడలింపు ఇచ్చింది, అయినా దగ్గరపడితే రెన్యూ చేయించుకునే వెళ్లండి, ఎందుకంటే అక్కడ దిగాక ఉండనిచ్చే గడువుని పాస్‌పోర్ట్ ఎక్స్‌పైరీ తేదీకే కట్ చేయొచ్చు. పాత పాస్‌పోర్ట్‌లో వీసా ఇంకా బతికుంటే కంగారక్కర్లేదు, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్తే చాలు.

ఇక డీఎస్ 160. ఎవరి ఫారం వాళ్లదే, అమ్మకొకటి నాన్నకొకటి. ఓపెన్ చేయగానే వచ్చే అప్లికేషన్ ఐడీ రాసిపెట్టుకుని మధ్యమధ్యలో సేవ్ కొడుతూ ఉండండి, కాసేపు ముట్టుకోకపోతే టైమౌట్ అయిపోతుంది. వాళ్ల అమ్మానాన్నల, అంటే మీ తాతయ్యలు, నానమ్మ, అమ్మమ్మల పుట్టిన తేదీలు అడుగుతుంది, తెలియకపోతే తెలియదని టిక్ పెట్టే వీలుంది, ఊహించి వేయొద్దు. క్లాన్ లేదా ట్రైబ్‌కి చెందినవాళ్లా అని ఒక ప్రశ్న వస్తుంది, అక్కడ కులం, గోత్రం రాసినవాళ్లని చూశాను, అది అడిగేది వాటి గురించి కాదు. ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా అకౌంట్లు అడుగుతుంది, నాన్నగారి ఫేస్‌బుక్ కూడా లెక్కే. ఎప్పుడైనా వీసా రిజెక్ట్ అయిందా, మీ పేరుమీద ఎవరైనా గ్రీన్‌కార్డ్ పిటిషన్ వేశారా అన్నవి మాత్రం ఒళ్లు దగ్గరపెట్టుకుని నింపాలి, ఎప్పుడో పదేళ్ల కిందట అమెరికాలో ఉన్న మేనమామ వేసి మర్చిపోయి ఉంటాడు, అది వాళ్ల రికార్డులో ఉంటుంది. చివర్లో ఈ ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని ఉంటుంది, డాలస్‌లో కూర్చుని మొత్తం కొట్టింది కొడుకే అయినా 'నో' పెట్టేస్తారు, అలా చేయకుండా 'యెస్' పెట్టి మీ పేరు రాయండి.

ఫీజు మనిషికి 185 డాలర్లు, రూపాయల్లో కట్టాలి, వీసా రాకపోయినా వెనక్కి రాదు. అపాయింట్‌మెంట్లు రెండు. వేలిముద్రలు, ఫొటో కోసం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న సెంటర్, ఆ తర్వాత ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడ కాన్సులేట్. ఇది 2023 నుంచి అక్కడే ఉంది, బేగంపేట పైగా ప్యాలెస్ పాత ముచ్చట. హైదరాబాద్‌లో స్లాట్ లేకపోతే చెన్నై, ముంబై కూడా చూడొచ్చు. బుకింగ్‌లో ఇచ్చిన డీఎస్ 160 నంబర్, చేతిలో ఉన్న కన్ఫర్మేషన్ పేజీ నంబర్ ఒకటే ఉండాలి, తప్పు దొరికి మళ్లీ కొత్త ఫారం నింపితే బుకింగ్‌లోనూ ముందే మార్చుకోండి, గేటు దగ్గర చూసుకుంటే కుదరదు. ఫోన్ లోపలికి రానివ్వరు.

ఇంటర్వ్యూ తెలుగులోనే ఇవ్వొచ్చు, వచ్చీరాని ఇంగ్లీషుతో కష్టపడక్కర్లేదు. నిలబడి మాట్లాడే కొన్ని నిమిషాల వ్యవహారం. ఎందుకెళ్తున్నారు, అబ్బాయి ఏం చేస్తాడు, ఏ కంపెనీ, ఏ వీసా మీద ఉన్నాడు, ఇక్కడ మీరేం చేస్తారు, మిగతా పిల్లలెక్కడ, ఎన్నాళ్లుంటారు, దాదాపు ఇవే. అబ్బాయి సాఫ్ట్‌వేర్ అని ఊరుకుంటే చాలదు, కంపెనీ పేరు, ఊరి పేరు అమ్మకి నోటికి రావాలి. అమ్మని అడిగితే అమ్మే చెప్పాలి, నాన్న మధ్యలో దూరకూడదు (ఈ ఒక్కటీ నాన్నలకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు). ఎన్నాళ్లు అంటే ఫారంలో రాసినదే చెప్పాలి. అమ్మాయి డెలివరీకి వెళ్తుంటే అదే చెప్పండి, దాచాల్సిన పనేం లేదు, కానీ "వాళ్లిద్దరూ ఉద్యోగాలకెళ్తారు, పిల్లని మేమే చూసుకోవాలి" అని మొదలుపెడితే అది ఆయాని పెట్టుకున్నట్టు వినిపిస్తుంది. బట్టీ మాత్రం పట్టించొద్దు.

ఓకే అయితే పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు, మామూలుగా పదేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వస్తుంది. 214బి (తిరిగొస్తారని నమ్మకం కుదరలేదని చెప్పే సెక్షన్) అని చీటీ ఇచ్చి పాస్‌పోర్ట్ చేతికిస్తే రాలేదన్నమాట, అప్పీలుండదు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ అప్లై చేసుకోవడమే, ఏమీ మారకుండా వెంటనే వెళ్తే మాత్రం డబ్బులు దండగ. 221జి అంటే రిజెక్ట్ అని ఏడవద్దు, ఇంకేదో కాగితం కావాలనో, ఇంకా చెకింగ్ ఉందనో చాలాసార్లు దానర్థం.

పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండొచ్చని కాదు. దిగినప్పుడు ఎయిర్‌పోర్ట్ ఆఫీసర్ ఎన్నాళ్లు రాస్తే అన్నాళ్లే, ఎక్కువగా ఆరు నెలలు. పచ్చళ్లు, పొడులు ఉన్నాయని డిక్లేర్ చేయండి, మటన్ పచ్చడి, పచ్చి కరివేపాకు మాత్రం అసలు పెట్టుకోవద్దు, తీసి పారేస్తారు. ఇంటికి చేరాక ఐ 94 (అమెరికాలో దిగిన రికార్డు) వెబ్‌సైట్‌లో అమ్మానాన్నల పాస్‌పోర్ట్ నంబర్ కొట్టి అసలు గడువు తేదీ చూసి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఆ తేదీ దాటి ఉంటే ఆ వీసా చెల్లకుండా పోతుంది. ఇంకొన్నాళ్లు ఉండాల్సి వస్తే గడువు అయిపోకముందే ఐ 539 అనే పొడిగింపు ఫారం ఫైల్ చేయాలి.