ఖాళీ వలయాన్ని చదవడం, ఐదో పాఠం: చంపిందా, ఆపిందా?

పోయిన పాఠం చివర ఒక ప్లేటు బొమ్మ ఇచ్చాను. అగర్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) నిండా స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే రోగకారక బాక్టీరియా పొర, మధ్యలో ఇంకో బాక్టీరియా చుక్క, ఆ చుక్క చుట్టూ ఏమీ పెరగని ఖాళీ వలయం. ఇక్కడ ఏం జరిగిందో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకటే మాట: మధ్యలోది యాంటీబయాటిక్ తయారుచేసి చుట్టూ ఉన్నవాటిని చంపేసింది. వలయం పెద్దగా ఉంది కాబట్టి అది బలమైన మందు అని కూడా కొందరు తేల్చేశారు.

ఇవాళ బాక్టీరియాలు రసాయన సంకేతాలతో ఒకదాన్ని ఒకటి ఎలా లెక్కపెట్టుకుంటాయో మొదలుపెట్టాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల మీద ఇప్పుడు వస్తున్న కొత్త పద్ధతులు కొన్ని ఇలాంటి ఒక ఖాళీ వలయంతోనే మొదలవుతాయి. ఆ వలయాన్ని తప్పుగా చదివితే తర్వాత చదివేదంతా తప్పే అవుతుంది.

అగర్ పోయడం, పొర పరచడం, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ పాఠాలన్నీ బొమ్మలు, ఫలితాలు చూసి కాగితం మీద చేసే సాధన. శిక్షణ, తగిన ల్యాబ్ లేకుండా ఎవరూ రోగకారక బాక్టీరియాను పెంచకూడదు.

ఇక వలయం సంగతి. ఖాళీ కనిపించిందంటే మనకు ఖాయంగా తెలిసేది ఒక్కటే: అక్కడ కంటికి కనిపించేంతగా ఏదీ పెరగలేదు. ఉన్నవి చచ్చాయా, బతికే ఉండి పెరగడం ఆపేశాయా అన్నది వలయం చెప్పదు. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ లాంటివి చాలా బాక్టీరియాలను చంపవు, ఆపుతాయి. అయినా డిస్క్ (మందు పట్టించి అగర్ మీద పెట్టే కాగితపు బిళ్ల) చుట్టూ చక్కటి వలయం వస్తుంది. ల్యాబ్‌లో ఒక మందును "చంపేది" అనాలంటే మొదట ఉన్న బాక్టీరియాలో కనీసం 99.9 శాతం చచ్చినట్టు లెక్క తేలాలి. ఆ లెక్క వలయంలో ఉండదు.

తేల్చుకునే దారి సులువైనదే. ఖాళీ భాగంలోంచి లూప్‌తో (కొసన చిన్న ఉంగరం ఉన్న తీగ) కాస్త తీసి మందు లేని కొత్త ప్లేటు మీద గీయాలి. కాలనీలు వస్తే అవి బతికే ఉన్నట్టు. ఇక్కడ లూప్‌తో పాటు మందు కూడా కొత్త ప్లేటు మీదికి వచ్చేస్తుంది. ఒక మూలన చిన్నగా గీసి "ఏమీ రాలేదు, చచ్చాయి" అనేస్తే మోసపోతారు. నేనైతే ఒక్క నమూనాకు ప్లేటు మొత్తం వాడతాను, అంత దూరం గీసేసరికి మందు పలచబడిపోతుంది. ప్లేట్లు దండగ అనేవాళ్లు ఉంటారు. తప్పుడు ఫలితం అంతకంటే పెద్ద దండగ.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించే పొరపాటు దగ్గరికి వద్దాం: వలయం పెద్దదైతే మందు బలమైనది అనుకోవడం. దీని మీద కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

వలయం అంచు ఒక పందెం ముగిసిన చోటు. మందు అణువులు అగర్‌లోకి వ్యాపిస్తూ బయటికి వెళ్తుంటాయి. అదే సమయంలో పొరలోని బాక్టీరియా రెట్టింపవుతూ ఉంటుంది. ఒక చోటికి తగినంత మందు చేరేలోపే బాక్టీరియా గుంపు బలపడితే అక్కడ పెరుగుదల కొనసాగుతుంది, మందు ముందు చేరితే ఖాళీ మిగులుతుంది. అంచు ఎక్కడ పడాలన్నది మొదటి కొన్ని గంటల్లోనే తేలిపోతుంది. కాబట్టి వలయం సైజులో మందు బలం ఒక్కటే లేదు. అణువు ఎంత పెద్దది, అగర్‌కు అంటుకుంటుందా, అగర్ ఎంత మందం, పొరలో మొదట ఎన్ని కణాలు వేశాం, అవి ఎంత వేగంగా పెరుగుతాయి, ఇవన్నీ అందులో కలిసిపోయి ఉన్నాయి. అందుకే డిస్క్ పరీక్షలో అగర్ 4 మిల్లీమీటర్ల మందం ఉండాలనీ, బాక్టీరియా ద్రవం 0.5 మెక్‌ఫార్లండ్ (ద్రవం ఎంత మసగ్గా ఉందో చెప్పే కొలత) చిక్కదనంలో ఉండాలనీ అంత పట్టుదలగా చెబుతారు.

కోలిస్టిన్‌ను చూడండి. వేరే ఏ మందూ పనిచేయని గ్రామ్ నెగటివ్ (గోడ బయట ఇంకో పొర ఉన్న) బాక్టీరియా ఇన్ఫెక్షన్లకు చివరి ఆసరాగా వాడే మందు ఇది. అయితే అణువు పెద్దది, ధనావేశం ఉన్నది, అగర్‌లో సరిగా వ్యాపించదు. బాక్టీరియా లొంగేదైనా, లొంగనిదైనా వలయాల తేడా చాలా కొద్దిగానే ఉంటుంది. దీనికి డిస్క్ పరీక్షను నమ్మొద్దనీ, ద్రవంలో మందును పలచబరుస్తూ చేసే పరీక్షే చేయాలనీ యూరప్, అమెరికా ప్రమాణాల సంస్థలు రెండూ చెప్పాయి. చిన్న వలయం చూసి కోలిస్టిన్ బలహీనమైనదని రాసేవాళ్లు మందును కొలవడం లేదు, అగర్‌ను కొలుస్తున్నారు. రెండు వేర్వేరు మందుల వలయాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా ఇంతే తప్పు. ఒక మందుకు 15 మిల్లీమీటర్లు చాలు, ఇంకోదానికి 22 కూడా చాలకపోవచ్చు. ప్రతి మందుకూ, ప్రతి బాక్టీరియాకూ విడిగా హద్దు ఉంటుంది.

ఈ పందెం అర్థమైతే పెన్సిలిన్ కథ కూడా వేరేగా కనిపిస్తుంది. 1928లో ఫ్లెమింగ్ ప్లేటు మీద బూజు చుట్టూ స్టాఫిలోకాకస్ కాలనీలు కరిగిపోయి కనిపించాయి. మీరు ముందు బాక్టీరియాను బాగా పెరగనిచ్చి తర్వాత బూజు వేస్తే ఆ దృశ్యం రాదు. పెన్సిలిన్ పనిచేసేది పెరుగుతున్న కణాల మీద, కొత్త గోడ కట్టుకుంటున్నప్పుడు. బూజు ముందు మొదలవ్వాలి. ఎవరు ముందు వచ్చారన్నదాని మీద ఫలితం మారిపోతుంది.

తర్వాతి ప్రశ్న: ఆపింది ఏమిటి? యాంటీబయాటిక్ అన్నది ఒక్క అవకాశం మాత్రమే. మధ్యలోది ఇనుమునంతా లాగేసుకుని ఉండొచ్చు. బాక్టీరియాలు సైడరోఫోర్లు అనే అణువులను బయటికి వదిలి ఇనుమును పట్టి తెచ్చుకుంటాయి, పక్కవాటికి ఇనుము అందక పెరగవు. ఆమ్లం వదిలి ఉండొచ్చు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వదిలి ఉండొచ్చు. తన దగ్గరి బంధువులనే చంపే ప్రొటీన్ వదిలి ఉండొచ్చు, బాక్టీరియోసిన్ అంటే ఇదే. మొదటిదాన్ని 1925లో ఆంద్రే గ్రాసియా గుర్తించారు. లేదా అక్కడ ఫేజ్, అంటే బాక్టీరియాను తినే వైరస్ ఉండొచ్చు.

వీటిని విడదీయడానికి ఒక్కొక్కదాన్ని అడ్డుకుని చూస్తాం. ఇనుము అదనంగా కలిపితే వలయం మాయమైతే, దొంగ సైడరోఫోరే. పీహెచ్ మారకుండా బఫర్ కలిపినప్పుడు పోతే ఆమ్లం. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కేటలేజ్ ఎంజైమ్ కలిపితే పోతే పెరాక్సైడ్. ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌తో పోతే బాక్టీరియోసిన్ మీద అనుమానం. ఫేజ్‌కు నాకు ఇష్టమైన పరీక్ష పలచబరచడం. మధ్యలోని బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని వడకట్టి, పదోవంతు, నూరోవంతు, వెయ్యోవంతు అలా తగ్గిస్తూ పొర మీద చుక్కలు వేయాలి. రసాయనమైతే చుక్క మొత్తం ఒకేలా మసకబారుతూ పోతుంది. ఫేజ్ అయితే ఒక దశలో చుక్క లోపల విడివిడిగా చిన్న గుంటలు కనిపిస్తాయి, ఒక్కో గుంట ఒక్కో ఫేజ్ కణం నుంచి మొదలైంది. సంఖ్య పెంచుకునేదీ, పెంచుకోలేనిదీ ఇక్కడ తేలిపోతుంది. ఖర్చు లేని పరీక్ష ఇది, అయినా చాలామంది వదిలేస్తారు.

ఇనుము సంగతి వట్టి చిక్కుముడి కాదు, అందులోంచి మందు కూడా వచ్చింది. సెఫిడెరోకాల్ అనే యాంటీబయాటిక్‌కు సైడరోఫోర్ లాంటి భాగం అతికించారు. అది ఇనుమును పట్టుకుంటుంది, బాక్టీరియా ఇనుము కోసం దాన్ని తానే లోపలికి లాక్కుంటుంది. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. దీని బలం ద్రవంలో కొలవాలంటే ముందు ద్రవంలోంచి ఇనుము తీసేయాలి. ఇనుము దండిగా ఉంటే బాక్టీరియా ఆ దారులు అంతగా తెరవదు, మందు పనిచేయనట్టు కనిపిస్తుంది.

పోయినసారి బొమ్మకు ఇప్పుడు సరైన జవాబు చెప్పొచ్చు. అది టుబింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రకటించిన పని ఆధారంగా గీసినది. మనిషి ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ లుగ్డునెన్సిస్ పక్కనున్న ఆరియస్‌ను పెరగనివ్వలేదు. వాళ్లు వలయం చూసి ఆగలేదు. ఒక్కో జన్యువు చెడిపోయిన రకాలను తయారుచేసి, ఏ రకం చుట్టూ వలయం పోయిందో వెతికారు. అలా దొరికిన జన్యువుల గుంపే లుగ్డునిన్ అనే అణువును తయారుచేస్తుంది. మందులకు లొంగని ఆరియస్ మీద కూడా అది పనిచేసింది. జన్యువు తీస్తే వలయం పోవాలి, తిరిగి పెడితే రావాలి. "తయారుచేసి చంపింది" అని రాసే హక్కు అప్పుడు వస్తుంది, అంతకు ముందు కాదు.

తిరగేసిన పొరపాటు కూడా ఉంది. ఖాళీ అంటే చావు కానట్టే, పెరుగుదల అంటే నిరోధకత కాదు. యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీద ఒక పెద్ద కాలనీ, దాని చుట్టూ చుక్కల్లా చిన్న కాలనీలు చూసే ఉంటారు. పెద్దది బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ వదిలి చుట్టూ ఉన్న మందును విరగ్గొట్టేసింది. చిన్నవి మందుకు లొంగేవే, పక్కవాడి గొడుగు కింద నిలబడ్డాయి. వాటిని తీసి కొత్త యాంపిసిలిన్ ప్లేటు మీద వేస్తే పెరగవు. యాంపిసిలిన్ బదులు కార్బెనిసిలిన్ వాడితే ఈ బెడద చాలా తగ్గుతుంది, అది అంత త్వరగా విరగదు. నేను అదే వాడమంటాను.

రోగి శరీరంలోనూ ఈ ఆసరా ఉండొచ్చు. మందును విరగ్గొట్టే బాక్టీరియా పక్కన, మందుకు లొంగాల్సిన రోగకారకం బతికిపోవచ్చు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే క్లావులానిక్ ఆమ్లం స్ట్రెప్టోమైసెస్ క్లావులిజెరస్ అనే బాక్టీరియాలో దొరికింది. అదే బాక్టీరియా సెఫమైసిన్ అనే బీటా లాక్టమ్ (పెన్సిలిన్ కుటుంబపు) మందును కూడా తయారుచేస్తుంది. ఆయుధాన్నీ, దానికి అడ్డుపడేదాన్ని ఆపే అణువునూ ఒకే జీవి తయారుచేసుకుంటోంది. అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ ఆమ్లం కలిపి ఇవ్వడంలో ఉన్నదీ ఇదే ఆలోచన.

వలయం ఆకారం గురించి క్లుప్తంగా. ఎరిత్రోమైసిన్ డిస్క్ పక్కన క్లిండమైసిన్ డిస్క్ పెట్టినప్పుడు, క్లిండమైసిన్ వలయం ఎరిత్రోమైసిన్ వైపున చదునై, ఇంగ్లిష్ డీ అక్షరంలా కనిపిస్తే, రిపోర్టులో క్లిండమైసిన్ "పనిచేస్తుంది" అని రాయకూడదు. ఎరిత్రోమైసిన్ తగలగానే మేల్కొనే నిరోధక జన్యువు ఆ స్టాఫిలోకాకస్‌లో ఉంది. సైజు కొలిచి ఆకారం చూడనివాళ్లు దీన్ని ప్రతిసారీ దాటేస్తారు.

ఫేజ్ దగ్గర వలయం లోపల చూడాలి. చుక్క ఖాళీ చేసిన చోట కొన్ని కాలనీలు మళ్లీ మొలుస్తాయి, ఫేజ్‌ను తట్టుకున్నవి అవే. అవి కనిపించగానే ఫేజ్ ఓడిపోయిందని చాలామంది రాస్తారు. యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ టర్నర్, బెంజమిన్ చాన్ బృందం అలాంటి కాలనీలను పారేయకుండా పరీక్షించింది. వాళ్లు 2016లో వివరించిన ఓఎంకేఓ1 అనే ఫేజ్ సూడోమోనాస్ ఎరుజినోసా అనే రోగకారక బాక్టీరియా కణం బయటి పొరలోని ఓపీఆర్ఎం ప్రొటీన్‌ను పట్టుకుని దిగుతుంది. ఆ ప్రొటీన్ మందులను బయటికి తోసేసే పంపుల్లో భాగం. ఫేజ్‌ను తప్పించుకోవాలంటే బాక్టీరియా ఆ ప్రొటీన్‌ను మార్చుకోవాలి, మార్చుకుంటే పంపు దెబ్బతింటుంది, పాత యాంటీబయాటిక్‌లు మళ్లీ పనిచేస్తాయి. అన్ని ఫేజ్‌లతోనూ ఇలా జరగదు. ఫేజ్ దేన్ని పట్టుకుంటుందన్నది చూసి ఎంచుకోవాలి. నాకు ఈ రంగంలో ఎక్కువ ఆశ కలిగించే పని ఇదే: బాక్టీరియా తప్పించుకుంటుందని ముందే ఒప్పుకుని, ఏ దారిన తప్పించుకోవాలో మనం నిర్ణయించడం.

ఇక సాధన. ఒకటే ఇస్తున్నాను, తీరిగ్గా చేయండి.

క అనే బాక్టీరియా చుక్క చుట్టూ, ఖ అనే బాక్టీరియా పొరలో ఖాళీ వలయం వచ్చింది. క పెరిగిన ద్రవాన్ని 0.22 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి చుక్క వేసినా ఖాళీ వచ్చింది. ఇనుము కలిపితే మార్పు లేదు, బఫర్ కలిపినా లేదు. ప్రొటీన్‌ను కోసే ఎంజైమ్ కలిపితే ఖాళీ పోయింది. పలచబరిస్తే నూరోవంతు దాకా ఖాళీ, వెయ్యోవంతు దగ్గర మసక, పదివేలోవంతు దగ్గర ఏమీ లేదు, ఎక్కడా విడి గుంటలు లేవు. ఖాళీలోంచి తీసి మందు లేని ప్లేటు మొత్తం మీద గీస్తే కొన్ని కాలనీలు వచ్చాయి. ఆ కాలనీలతో మళ్లీ పొర పరచి అదే ద్రవం వేస్తే సగం కాలనీల పొరలో ఖాళీ వచ్చింది, సగంలో రాలేదు.

నాలుగు విషయాలు రాయండి. ఆపినదాని స్వభావం ఏమిటి, ఏ ఫలితం ఆధారంగా అంటున్నారు? అది ఖ ను చంపిందా, ఆపిందా, లేక ఇప్పటివరకు ఉన్న సమాచారంతో తేలదా? చివర్లో రెండు రకాల కాలనీలు ఎందుకు వచ్చాయి, వాటిని విడదీసి చెప్పడానికి ఇంకేం చేయాలి? మీ మొదటి జవాబు తప్పని చూపించగల ప్రయోగం ఒకటి చెప్పండి, ఫలితం ఎలా వస్తే మీరు జవాబు మార్చుకుంటారో కూడా రాయండి. విడి గుంటలు లేవు కాబట్టి ఫేజ్ కాదని వెంటనే రాసేయకండి. కొన్ని ఫేజ్‌లు గుంపుగా పైనపడితే, సంఖ్య పెంచుకోకుండానే కణాన్ని పగలగొట్టేస్తాయి. నాలుగో జవాబు రాయని కాగితాలను ఈసారి దిద్దను.