పాత ఊరు నగరంగా పెరుగుతుంటే వారసత్వాన్ని ఎలా కాపాడుకోవాలి

ముందు లిస్టు తయారు చేయండి. కోటలు, గుళ్లు, మసీదులే కాదు, పాత వీధులు, బావులు, చెరువులు, వాటికి నీళ్లు తెచ్చే కాలువలు కూడా మ్యాపులోకి ఎక్కాలి, ఎందుకంటే మాస్టర్ ప్లాన్‌లో లేనిదాన్ని రోడ్డు వెడల్పు పేరుతో కూల్చేయడం చాలా తేలిక.

తర్వాత ఎత్తైన భవనాలకు వేరే చోటు చూపించండి. పారిస్ తన ఆకాశహర్మ్యాలను చాలావరకు పాత నగరం బయట లా డిఫాన్స్ అనే వ్యాపార ప్రాంతానికి పంపింది. లివర్‌పూల్ మాత్రం చారిత్రక రేవు ఒడ్డునే కొత్త కట్టడాలకు అనుమతులిచ్చి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా పోగొట్టుకుంది. ఎంత బాధాకరం!

మరమ్మతుల దగ్గర మాత్రం అస్సలు రాజీ పడొద్దు. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక ఇటుక, రాయి పొరలు పొరలుగా ఊడిపోతాయి, కాబట్టి సున్నమే వాడండి, ఆ పని తెలిసిన మేస్త్రీనే పెట్టుకోండి.

ఇక పాత ఇళ్ల యజమానులు. పై అంతస్తులు వేసుకునే అవకాశం పోతుంది కాబట్టి, ఆ హక్కును వేరేచోట కట్టుకునేవాళ్లకు అమ్ముకునేలా టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు పత్రం) ఇవ్వాలి. డ్రైనేజీ, మంచినీళ్ల పనులు కూడా ముందు ఆ వీధుల్లోనే మొదలుపెట్టండి, లేదంటే జనం ఖాళీ చేసి వెళ్లిపోతారు.