తాళంచెవికి రాగి పూత వేసే ముందు చూసుకోవాల్సినవి

ఫిబ్రవరి 28, సైన్స్ డే దగ్గర పడిందంటే ఇంటింటా గాజు గ్లాసులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన నీలం నీళ్లే. మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

- గోడ ప్లగ్గు జోలికి వెళ్లొద్దు, ప్రాణం పోతుంది. 1.5 వోల్టుల సెల్లు ఒకటో రెండో చాలు. పైగా ఇంట్లోది ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు, దానితో పూత నిలవదు.

- మైలుతుత్తం దొరకలేదని ఉప్పునీళ్లు, స్టీలు చెంచాలతో కానిచ్చేయకండి. ఉప్పునీళ్ల నుంచి క్లోరిన్ రావచ్చు. పాజిటివ్‌కి కట్టిన స్టీలు చెంచాలోంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగొచ్చు.

- రాగి ముక్క పాజిటివ్‌కి, తాళంచెవి నెగటివ్‌కి. తిరగేస్తే చెవే కరుగుతుంది. బీరువా తాళంచెవితో మాత్రం చేయకండి!

- ఇనుప చెవి వద్దు, ఇత్తడిది తీసుకోండి. ఇనుము ముంచగానే కరెంటు లేకుండానే ఎర్రబడుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, బొటనవేలితో రుద్దితే అంతా ఊడొస్తుంది.

- ఉప్పుకాగితంతో రుద్ది, సబ్బుతో కడిగాక వేలితో ముట్టుకోవద్దు. జిడ్డు ఉన్నచోట పూత పట్టదు, వేలిముద్ర అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది.

- తొందరపడి వోల్టేజి పెంచితే పూత నల్లగా, పొడిపొడిగా వస్తుంది. 0.2 ఆంపియర్లతో 15 నిమిషాలు నడిపితే పేరుకునే రాగి దాదాపు 0.06 గ్రాములే. ఎంత కరెంటుకి ఎంత లోహం పేరుకుంటుందో చెప్పే ఈ ఫారడే లెక్క సరిచూడాలంటే వంటింటి కాటా పనికిరాదు, ల్యాబు త్రాసు కావాలి.

- మిగిలిన నీళ్లు కాలువలో పోయొద్దు, చేపలకు విషం. కూల్‌డ్రింకు సీసాలో అసలే పోయొద్దు. ఆ నీలం రంగు చిన్నపిల్లలకి షర్బత్‌లా కనిపిస్తుంది.