పెరట్లో పేరు తెలియని పొద: కొట్టిన కొద్దీ ఎందుకు గుబురవుతోంది?

"ఎవరూ నాటలేదండీ, దానంతట అదే వచ్చింది. నాలుగుసార్లు కొట్టించాం, ఇంకా ఎక్కువైంది." ఈ మాట విన్నప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే: పొద మొదలు దగ్గర మట్టి తీసి చూశారా? చూసినవాళ్లు ఇంతవరకూ నాకు కనబడలేదు. అందరూ పువ్వు ఫోటో తీసి చూపిస్తారు.

ముందు అది ఏ మొక్కో తేల్చుకోండి. ఆకు ఒకటి తుంచి నలిపితే ఘాటు వాసన ముక్కుకు కొడుతుంది. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, గరుకుగా ఉంటాయి, అంచున రంపపు పళ్లు కనిపిస్తాయి. లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పితే గుండ్రంగా కాక నాలుగు పలకలుగా తగులుతుంది, చాలావాటికి చిన్న కొక్కేల్లాంటి ముళ్లు కూడా ఉంటాయి. పూలగుత్తి నడుమ అప్పుడే విచ్చినవి పసుపు, అంచున ముదిరినవి గులాబీ లేదా నారింజ. కాయలు పచ్చని పూసల్లా ఉండి, పండితే కామంచి పండ్లలా నల్లగా మెరుస్తాయి. ఇవన్నీ కలిస్తే అది లాంటానా. మనవాళ్లు పులికంప అంటారు, తలంబ్రాల చెట్టు అనీ అంటారు. పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. 1800ల మొదట్లో అందానికని కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చారు, ఇప్పుడు అడవులకు అడవులే కప్పేస్తోంది.

నర్సరీల్లో తొట్టెల కోసం అమ్మే, నేల మీద పాకే ఊదాపూల రకం వేరు. దాని గురించి టెన్షన్ వద్దు.

కొత్త చోట్ల చిన్న మొక్కలు వస్తుంటే

ఇది పిట్టల పని. పిగిలిపిట్టలు, గోరింకలు పండ్లు తిని, వాలిన చోట విత్తనాలు వదులుతాయి. అందుకే గోడ వెంట, కరెంటు తీగ కింద, వేపచెట్టు నీడన వరసగా మొలుస్తాయి. జానెడు దాటకముందే, వాన పడ్డ మర్నాడు పట్టి లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి. పెద్ద పొద ఉంటే కాయ పట్టకముందే పూలగుత్తులు కత్తిరించేయండి.

కొట్టిన చోటే మళ్లీ గుబురుగా వస్తుంటే

నన్ను మూడేళ్లు ఏడిపించింది ఇదే. ఏటా ఉగాదికి ముందు మనిషిని పెట్టి నేలకు సమంగా కొట్టించేవాణ్ని. వినాయక చవితి నాటికి ఒక్క కొమ్మ ఉన్నచోట పది పన్నెండు లేచేవి. పక్క ఖాళీ స్థలం నుంచి విత్తనాలు వస్తున్నాయని ఆ స్థలం యజమానితో మాటా మాటా అనుకున్నాం కూడా. తర్వాత కొబ్బరి మొక్కకు గుంత తవ్వుతుంటే గడ్డపార ఠంగుమంది. మట్టి తీసి చూస్తే పిడికిలంత మోడు. దాని మీద పాత నరుకులు ఒకదాని పక్కన ఒకటి, ప్రతి నరుకు చుట్టూ కొత్త పిలకలు. తప్పు పక్కాయనది కాదు.

కాండం, వేరు కలిసే చోట మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. పైన కొట్టినప్పుడల్లా అవి లేస్తాయి. ఆ అతుకు కింద వేరు నరికితే ఇక మొలకెత్తదు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం అడవుల్లో లాంటానా తీయడానికి చెప్పిన పద్ధతి కూడా ఇదే: నేలమట్టానికి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద తల్లివేరు నరికి, దుబ్బును ఎత్తి తలకిందులుగా పెట్టడం. ఇళ్ల దగ్గర ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పల్లం పూడ్చడానికి మట్టి పోయించి ఉంటే ఆ అతుకు ఇంకా లోతుకు వెళ్లిపోతుంది. మాది నాలుగంగుళాల కింద దొరికింది. కాబట్టి లెక్క నేల నుంచి కాదు, అతుకు నుంచి వేసుకోండి. మొదలు చుట్టూ మట్టి లాగి, అతుకు కంటికి కనబడ్డాకే గొడ్డలి వేయండి.

నేలకు ఆనిన కొమ్మలనూ ఎత్తి చూడండి, అక్కడక్కడా వేళ్లు దిగి ఉంటాయి. వాటినీ పెకలించాలి. నరికిన కంపను తడిమట్టి మీద వదలొద్దు. బండ మీద వేసి ఎండబెడితే పొయ్యిలోకి పనికొస్తుంది. గ్లౌజులు లేకుండా దిగితే రాత్రంతా చేతులు మంట.

పొద తీసిన చోట ఎండ తగలగానే మట్టిలోని పాత గింజలు మొలుస్తాయి. దాన్ని చూసి పద్ధతి పనిచేయలేదనుకోకండి. ఖాళీగా వదలకుండా బీరో దోసో పెట్టండి, లేదంటే ఎండాకు మందంగా పరచండి. వచ్చే రెండు వానాకాలాలు కళ్లు తెరుచుకుని ఉండండి.

ఇంకా అడిగేవి

ఉప్పు, కిరోసిన్ పోస్తే నేల పాడవుతుంది. పారాక్వాట్ లాంటి గడ్డిమందు తగిలిన ఆకునే మాడుస్తుంది, వేరు దాకా పోదు. పైగా అది విరుగుడు లేని విషం, పెరట్లోకి తేవద్దు. ఆవులు, మేకలు మేస్తాయిలే అనుకోవద్దు. మామూలుగా ముట్టవు, ఆకలికి తింటే కామెర్లు వచ్చి, ఎండకు చర్మం పుండ్లు పడుతుంది. పిల్లలున్న ఇంట్లో పచ్చికాయల మీద ఓ కన్నేయండి.

ఆకు వెడల్పుగా, నూగుతో ఉండి, పువ్వు చిన్న గులాబీలా ముద్దగా, తెల్లగా ఉంటే అది లాంటానా కాదు, క్లెరోడెండ్రం. అది వేరు వెంట పాకి దూరంగా పిలకలు వేస్తుంది. ఆ వేరు ఎటు పోతే అటు తవ్వుకుంటూ పోవడమే.